తోకా గిన్నీ

పుట్టగొడుగుల పాఠం ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను. ఈ ఇరవై రెండేళ్లలో ఒక్క పుట్టగొడుగునైనా నా చేత్తో నేలలోంచి తీసిన పాపాన పోలేదు. తిన్నదీ లేదు. మాది రాజాం బజారులో వ్యాపారస్తుల ఇల్లు. వంటింట్లోకి వెల్లుల్లి రావడానికే మా అత్తగారి కాలంలో పెద్ద రభస జరిగింది, ఇక పుట్టగొడుగు మాట ఎత్తేదెవరు? మా ఆయన రమేష్‌బాబుకి ఎరువుల కొట్టుంది. నేను ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బోటనీ లెక్చరర్ని. "మా ఆవిడ బూజు పాఠాలు చెప్తుంది" అని కొట్టుకొచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్వుతాడు.

అబద్ధమేమీ కాదు. రొట్టె మీద పెరిగే బూజు రైజోపస్, నిమ్మకాయ మీద వచ్చే ఆకుపచ్చది పెన్సిలియం, తడిసిన వేరుశెనగ గింజ మీద ఆస్పర్జిల్లస్. ఒక్కో ప్రజాతి పేరు, దాని లక్షణాలు, దాన్ని ఏ వర్గంలో వెయ్యాలి అన్నది అయిదు మార్కుల ప్రశ్న. పటం గీస్తే అందులో రెండు. పటాలు గీయడంలో నన్ను కొట్టినవాళ్లు ఈ చుట్టుపక్కల కాలేజీల్లో లేరు. బోర్డు మీద అమానిటా పటం వేశానంటే పిల్లలు ఫోన్లు తీసి ఫోటోలు తీసుకుంటారు. పైన గొడుగు, గొడుగు కింద మొప్పలు, కాడకి చిరిగిన ఉంగరం, కాడ అడుగున నేలలో కూరుకుని ఒక గిన్నె. ఆ గిన్నెని పుస్తకంలో వోల్వా అంటారు. "అమానిటాని పట్టించేది ఈ గిన్నే. ఇది వెయ్యడం మరిచిపోయారో, మార్కు పోయినట్టే" అని ప్రతి ఏడూ హెచ్చరిస్తాను. ఆ ముక్క ఎన్నిసార్లు అన్నానో తలుచుకుంటే ఇప్పుడు నా నోరు నాకే అసహ్యంగా ఉంది.

పోయిన జూలైలో ప్రాక్టికల్ క్లాసుకి నిజం పుట్టగొడుగులు కావాలన్నాను. రెండో సంవత్సరం చదివే భారతి లేచి, "మా అమ్మ తెస్తాది మేడం" అంది. వాళ్ల ఊరు రాజాం నుంచి ఆటోలో అరగంట. తండ్రి సోములుకి రెండెకరాల వరి, కాస్త మెట్ట. క్లాసులో 'చ' ని జాగ్రత్తగా పలికే పిల్ల, ఉత్సాహం వస్తే మాత్రం 'స' వచ్చేసేది. తర్వాత తనే నాలిక కరుచుకునేది. ప్రతి మాటా రాసుకునేది. నేను దగ్గినా రాసుకుంటుందని పక్క బెంచీవాళ్లు ఏడిపించేవారు.

మర్నాడు పదింటికి వాళ్లమ్మ కూర్మమ్మ స్వయంగా లాబ్‌కి వచ్చింది. చెప్పులు బయట విప్పి, టేకాకుల పొట్లం రెండు చేతులతో పట్టుకుని, గడప దగ్గరే నిలబడింది. నేను పిలిస్తే లోపలికొచ్చి బల్ల మీద పొట్లం విప్పింది. తెల్లటి పుట్టగొడుగులు, గొడుగు నడుమ మొనదేలి ఉన్నాయి. ఒక్కోదానికి కాడ కింద జానెడు పొడుగున వేరులాంటిది వేలాడుతోంది, మట్టితో సహా.

"ఇంత పొడుగు ఎలా తీశావు, తెగకుండా?" అన్నాను.

"సువ్వ దించి సుట్టూ తవ్వి తియ్యాల అమ్మా. ఒంగోని పీకితే తెగిపోద్ది. ఈ తోక సూడకుండా మేం తినం. తోక పుట్టలోకి ఎల్తాది. తోకున్నది తింటాం. కాడ కింద గిన్నున్నది పారీస్తాం. గిన్ని భూమిలోనే ఉంటాది, పైనుంచి సూత్తే రెండూ అప్పసెల్లెళ్లే."

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను, మురిసిపోయి. పదకొండు పేజీల పాఠాన్ని ఆవిడ తోకా గిన్నీ అని రెండు మాటల్లో తేల్చేసింది. తోకున్నది టెర్మిటోమైసిస్ ప్రజాతి, చెదపుట్టల్లో పెరుగుతుంది, తినొచ్చు. గిన్నున్నది అమానిటా, అందులో కొన్ని జాతులు ప్రాణం తీస్తాయి. బోర్డు మీద రెండు పేర్లూ రాసి, కూర్మమ్మ వైపు చేయి చూపించి, "చూశారా, చదువు లేకపోయినా వర్గీకరణ ఎంత బాగా తెలుసో" అన్నాను. ఆ "చదువు లేకపోయినా" అన్న మాటలో ఉంది నా పొగరంతా.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగితే నేను లెక్చరర్ని ఎలా అవుతాను? అంతకు ముందు నెల విజయనగరంలో రెండు రోజుల సదస్సుకి వెళ్లాను. భోజనం బాగుంది. ఒక గుడ్డ సంచీ ఇచ్చారు, అందులో ఒక కరపత్రం. అడవిలో పుట్టగొడుగుల్ని పెరకవద్దు, నేలమట్టానికి కత్తితో కోయండి, లేకపోతే కిందున్న శిలీంధ్రజాలం నశిస్తుంది అని అందులో ఉంది. ఎవరు రాశారో, ఏ దేశపు అడవి గురించి రాశారో నేను చూడలేదు. చెప్పడానికి కొత్త విషయం దొరికింది, అంతే చాలు.

"అయితే ఇలా తవ్వి తియ్యడం తప్పు" అన్నాను క్లాసుతో. "పుట్టలో ఉన్న తల్లి శిలీంధ్రం చచ్చిపోతే వచ్చే ఏడాది పుట్టగొడుగే ఉండదు. కత్తితో నేలమట్టానికి కోసుకోవాలి. భారతీ, ఈ సంగతి మీ ఊళ్లో వాళ్లకి నువ్వే నేర్పాలి."

కూర్మమ్మ ఏదో అనబోయింది. నా వైపు, బోర్డు వైపు, కూతురి వైపు చూసింది. భారతి అప్పటికే రాసేసుకుంటోంది, కింద గీత కూడా గీసింది. "పెద్దోళ్లు, మీకు తెలవదేటి" అని కూర్మమ్మ పొట్లం తాలూకు ఆకులు మడిచి పట్టుకుపోయింది.

ఆ గంటలోనే, అదే గదిలో, గిన్నె భూమిలో ఉంటుందని ఆవిడ నాతో చెప్పింది. నేలమట్టానికి కొయ్యమని నేను చెప్పాను. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకునే బుర్ర నాకు లేకపోయింది.

ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి గేటు చప్పుడైతే వెళ్లి చూశాను. భారతి, గొడుగు లేకుండా తడిసి, చేతిలో టేకాకు పొట్లం.

"మేడం, మీకోసం. అమ్మ రానేదు, నేనొక్కదాన్నే ఎల్లేను. మీరు సెప్పినట్టే కత్తితో కోసేను మేడం. ఒక్కటి కూడా పెకిలించలేదు." నాలిక కరుచుకుని, "చెప్పినట్టే" అని సరిదిద్దుకుంది.

లోపలికి రమ్మంటే రాలేదు, మధ్యాహ్నానికి ఇంట్లో అదే కూర అంది. ఆటో ఎక్కుతూ చెయ్యి ఊపింది. మా ఆయన పొట్లం చూసి, "కుక్కగొడుగులు నా ఫ్రిజ్జులోనా?" అని గోల పెడితే అడుగున కూరగాయల అరలో, కవర్లో చుట్టి దాచాను. సోమవారం లాబ్‌కి పట్టుకెళ్దామనుకుని మరిచిపోయాను.

మంగళవారం క్లాసులో భారతి లేదు. పక్క బెంచీ పిల్ల చెప్పింది, నిన్న తెల్లవారుజాము నుంచి తల్లికీ కూతురికీ వాంతులూ విరేచనాలట, రాజాంలోనే ఒక నర్సింగ్ హోములో పెట్టారట. క్లాసు మధ్యలో వదిలేసి వెళ్లాను.

వెళ్లేసరికి భారతి మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. మొహం వాడిపోయి ఉంది గానీ నన్ను చూసి నవ్వింది. పక్క మంచం మీద కూర్మమ్మ. కాళ్ల దగ్గర సోములు నిలబడి, "తగ్గిపోనాదమ్మా, సాయంత్రం ఇంటికి పంపించీస్తామన్నారు" అన్నాడు. ఆదివారం అతను ధాన్యం మిల్లుకి వెళ్లి అక్కడే తిన్నాడట, అతనికి ఏమీ కాలేదు.

"ఏం తిన్నారు?" అన్నాను.

"పుట్టగొడుగుల కూరేనమ్మా" అంది కూర్మమ్మ. "తోకేదే అని అడిగినాను. మేడం కొయ్యమన్నారమ్మా, తోకలు పుట్టలోనే ఉంచీమన్నారు అన్నాది. నడుమ మొన నేకుండా రెండు మూడు ఉన్నాయి. బాగా ఇచ్చుకుని మొన పోనాది గావాల అనుకున్నాను. అది మొదటిసారి తెచ్చినాది గదా అని ఎక్కువ దానికే ఎట్టినాను."

అమానిటా విషం గురించి నా నోట్సులో ఒక వాక్యం ఉంది, ఎవరూ పరీక్షలో అడగరు కాబట్టి గబగబా చదివేసి దాటేసే వాక్యం. తిన్న పది పన్నెండు గంటలకి వాంతులు మొదలవుతాయి. తర్వాత రోగి కోలుకున్నట్టు కనిపిస్తాడు. ఆ సమయంలోనే కాలేయం పాడవుతూ ఉంటుంది. భారతి నా ఎదురుగా కోలుకుని కూర్చుని ఉంది. చట్నీ కారంగా ఉందని మూతి ముడుస్తోంది.

డాక్టరు గది పది అడుగుల దూరంలో ఉంది. వెళ్లి, అయ్యా, ఇది మామూలు కలుషితాహారం కాదు, ఈ పిల్లని ఇప్పుడే విశాఖ తీసుకెళ్లాలి అని చెబితే అయిపోయేది. చెబితే ఎలా తెలుసు అంటారు. కింద గిన్నె ఎందుకు చూడలేదు అంటారు. కొయ్యమన్నదెవరు అంటారు. సోములు అక్కడే ఉన్నాడు. నేను నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను. నిర్ధారణ చేసుకోకుండా ఎలా చెప్తాను, సైన్సు మనిషిని కదా, ఫ్రిజ్జులో పొట్లం ఉంది, కాగితం మీద సిద్ధబీజాల ముద్ర తీసి, రంగు చూసి చెప్దాం అని. భారతి తల నిమిరి, బాగా నీళ్లు తాగమని చెప్పి వచ్చేశాను.

ఇంటికొచ్చి పొట్లం విప్పాను. తొమ్మిది పుట్టగొడుగులు. తొమ్మిదింటి కాడలూ అడుగున కత్తితో నున్నగా కోసి ఉన్నాయి. ఎంత శ్రద్ధగా కోసిందో, ఒక్కదానికి మట్టి రేణువు లేదు. తోక లేదు, గిన్నె లేదు. ఏడింటికి గొడుగు నడుమ మొన ఉంది. రెండింటికి లేదు, వాటి కాడలకి చిరిగిన ఉంగరం ఉంది. బోర్డు మీద నేను వేసే ఉంగరమే. చూడగానే తెలిసిపోయింది. అయినా గొడుగులు కోసి, నల్ల కాగితం మీద బోర్లించి, ఒక్కోదాని మీద గాజు గ్లాసు మూసి, సిద్ధబీజాలు రాలే వరకూ తెల్లవారాలని కూర్చున్నాను. కాగితం చెప్పాలి గానీ నేను చెప్పకూడదని కూర్చున్నాను.

పొద్దున్న గ్లాసులు తీస్తే ఏడు గులాబీ రంగు ముద్రలు, రెండు తెల్లవి. టెర్మిటోమైసిస్ గులాబీ, అమానిటా తెలుపు. నా జీవితంలో అంత శుభ్రమైన ముద్రలు తియ్యలేదు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని నర్సింగ్ హోముకి పరిగెత్తాను. ముందు రోజు సాయంత్రమే ఇంటికి పంపేశారు. స్కూటీ మీద వాళ్ల ఊరు వెళ్లేసరికి భారతి వరండాలో పడుకుని ఉంది. కళ్లు పచ్చగా అయిపోయాయి. నన్ను చూసి లేవబోయి, "మేడం, రికార్డు రాయలేదు" అంది.

అంబులెన్సులో నేనే కూర్చున్నాను. విశాఖ ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరు నా కాగితం చూసి మొహం గంభీరంగా పెట్టాడు. తల్లి తక్కువ తినడం వల్ల గట్టెక్కుతుందన్నాడు. కూతురి గురించి, "ఒక్క రోజు ముందు తెస్తే చాలా తేడా ఉండేదండి" అన్నాడు. తర్వాత, కేసు షీటు మీద రాసుకుంటూ, "మీకు ఎప్పుడు అనుమానం వచ్చింది?" అని అడిగాడు.

"ఈ రోజు పొద్దున్న" అన్నాను.

శనివారం మధ్యాహ్నం భారతి పోయింది. పంతొమ్మిదేళ్లు.

ఆ తర్వాత నేను చదివాను, కరపత్రం కాదు, పెద్ద పుస్తకాలు. పెకిలించినా కోసినా కిందున్న శిలీంధ్రానికి పెద్ద తేడా ఏమీ రాదట. గుర్తుపట్టాలంటే మాత్రం అడుగంటా తవ్వి తియ్యాలని ప్రతి పుస్తకం మొదటి పేజీల్లోనే ఉంది. కూర్మమ్మ చేసే పనే.

పెద్దకార్యం అయిన వారానికి కూర్మమ్మ మా ఇంటికి వచ్చింది. సగం మనిషి అయిపోయింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, కింద చతికిలబడింది. నేనూ కింద కూర్చున్నాను.

"ఒక్కమాట అడుగుదారని వొచ్చినాను మేడమ్మా. ఊళ్లో అందరూ అంటన్నారు, పిల్ల సదువుకుంటన్నానని ఎగిరెగిరిపడి కుక్కగొడుగులు తెచ్చీసినాది, తాను సచ్చి తల్లిని కూడా సంపీబోనాది అని. సచ్చిపోయిన పిల్లని అలగంటన్నారు. నువ్వు సెప్పమ్మా. నువ్వు సెప్పినట్టు కొయ్యనేదా మా పిల్ల? ఏటైనా తప్పు కోసీసినాదా?"

ఇన్నాళ్లూ ఆవిడ వచ్చి నన్ను తిడుతుందని, జుట్టు పట్టుకుంటుందని ఎదురుచూశాను. ఆ సంగతే ఆవిడకి తట్టలేదు. నేను చెప్పింది తప్పయి ఉండదు, పిల్లే సరిగ్గా చెయ్యలేదేమో అని భయపడుతూ వచ్చింది.

"లేదు కూర్మమ్మా" అన్నాను. "నేను చెప్పింది చెప్పినట్టే కోసింది. ఒక్క తప్పూ చెయ్యలేదు."

"మరి?"

"నేను చెప్పిందే తప్పు."

వీధిలో కూరగాయల బండి వాడు అరుచుకుంటూ పోయాడు.

"నాను నీకు సెప్పినాను గదమ్మా" అంది చివరికి. "గిన్ని కిందుంటాదని. ఇన్నావు గదా?"

"విన్నాను."

"మరెందుకు కొయ్యమన్నావు?"

"ఎక్కడో చదివాను కూర్మమ్మా."

ఆవిడ నా మొహంలోకి చూసింది. కోపం లేదు. ఇంకేదైనా కారణం ఉంటుందని, నేను చెబుతానని చూసింది. లేదని తెలిశాక లేచింది. "అయితే ఊర్లోకొచ్చి ఈ మాట సెప్పు. నాకు ఒద్దు, ఆలకి సెప్పు. నా పిల్ల తప్పు నేదని సెప్పు."

ఆదివారం వెళ్లాను. రమేష్‌బాబు వద్దన్నాడు. కొట్టుకి ఆ ఊరివాళ్లే సగం మంది వస్తారు, ఎందుకీ గొడవ అన్నాడు. నేను వినలేదు. ఈ ఒక్క పనైనా చెయ్యకపోతే ఇక అద్దంలో మొహం చూసుకోలేననిపించింది. సోములు అరుగు ముందు పాతిక మంది దాకా చేరారు. నాకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. కూర్మమ్మ గడపలో నిలబడింది.

నిలబడే చెప్పాను. తవ్వి తియ్యొద్దని నేనే చెప్పానని, కూర్మమ్మ చెప్పిన గుర్తు నాకు తెలిసి కూడా పట్టించుకోలేదని, భారతి నా మాట విన్నందుకే చనిపోయిందని, తప్పు నాదని. చెబుతూ ఏడ్చాను. ఇంకా ఒక మాట మిగిలి ఉంది. మంగళవారం మాట. డాక్టరు గది ముందు నుంచి వెనక్కి వచ్చేసిన మాట. అది గొంతు దాకా వచ్చింది.

అరుగు మీదున్న పెద్దాయన ఒకతను చేతులు జోడించాడు. "సూసినారా, సదువుకున్నోల మనసు ఎలగుంటాదో. పిల్ల సేసిన తప్పు తన మీదేసుకుంటన్నాది ఆ తల్లి. సచ్చిపోయినదాని పరువు నిలబెట్టడానికి."

"అవున్రా, లెక్చరరమ్మకి తెలవదేటి" అన్నారు ఇంకెవరో. "ఆ పిల్లే సరిగ్గా ఇనుండదు." ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. కాదు, నేను నిజం చెబుతున్నాను అని అరిచాను. అరిచిన కొద్దీ వాళ్లు నన్ను ఓదార్చారు. ఊరుకో తల్లీ, నువ్వేటి సేస్తావు అన్నారు. సోములు కూడా కళ్లు తుడుచుకుని దణ్ణం పెట్టాడు.

కూర్మమ్మ ఒక్కతే నమ్మింది. గడపలోంచి కదల్లేదు. నాకు ఎవరో సోడా కొట్టి చేతికిచ్చారు. అప్పుడు ఆవిడ నా దగ్గరికి వచ్చి, మిగతావాళ్లకి వినబడకుండా, "ఇంకేటైనా సెప్పాలా నీకు?" అంది.

మంగళవారం సంగతి ఆవిడకి తెలియదు. తెలిసి అడగలేదు. కూతురి కోసం ఇంకొక్క మాట, వాళ్లు నమ్మే మాట ఏదైనా నా దగ్గర మిగిలిందేమోనని అడిగింది.

మిగిలింది. ఆ మాట చెబితే ఆ పాతిక మందిలో ఒక్కడూ నాకు దణ్ణం పెట్టడు.

"లేదు" అన్నాను.

"అయితే ఎల్లిపో అమ్మా" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. అందరూ నన్నే చూస్తున్నారు. ఎండలో వచ్చింది, తాగమ్మా తాగు అంటున్నారు. సోడా తాగాను.